శిక్షలు మరీ కఠినంగా ఉంటే జనం చట్టానికి లోబడతారా? తరచుగా అడిగే ప్రశ్నలు

పాతికేళ్లుగా జిల్లా కోర్టులో క్రిమినల్ కేసులు వాదిస్తున్నాను. కాలేజీల్లో, గ్రామాల్లో జరిగే న్యాయ విజ్ఞాన సదస్సులకు వెళ్లినప్పుడల్లా, ఏదైనా ఘోరం వార్తల్లోకి వచ్చినప్పుడల్లా, ఒకే రకం సందేహాలు మళ్లీ మళ్లీ ఎదురవుతున్నాయి. అడిగేవారి ఆవేదన నిజమైనది కనుక వాటిని వారి మాటల్లోనే ఇక్కడ కూర్చాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా జవాబు అక్కడికక్కడే పూర్తవుతుంది. నా అభిప్రాయం ముందే చెబుతున్నాను: శిక్ష మోయలేనంత బరువైనప్పుడు నేరస్థుడి కంటే ముందు చేతులెత్తేసేది ఫిర్యాదుదారు, సాక్షి, తీర్పు చెప్పాల్సిన మనిషి.

## చట్టం చేయబోయే ముందు

తప్పు చేస్తే ప్రాణం పోతుందని తెలిస్తే ఎవరైనా తప్పు చేస్తారా? ఇంత చిన్న విషయం ప్రభుత్వాలకు ఎందుకు అర్థం కాదు?

ఈ ఆలోచనను ఇంగ్లండు శతాబ్దానికి పైగా నిజంగానే అమలు చేసి చూసింది. 1688 నాటికి అక్కడ మరణశిక్ష పడే నేరాలు సుమారు 50 ఉండగా, 19వ శతాబ్దం తొలినాళ్లకు అవి 200 దాటాయి. 1723లో వచ్చిన ఒక్క చట్టమే, ముఖానికి మసి పూసుకుని అడవిలో తిరగడం, చేపల చెరువు గట్టు తెంచడం, తోటలో చెట్లు నరకడం వంటి పనులను కూడా ఉరికంబం దాకా తీసుకువెళ్లింది. దుకాణంలో 5 షిల్లింగుల సరుకు, ఇంట్లో 40 షిల్లింగుల సొత్తు దొంగిలిస్తే చట్టం ప్రకారం మరణమే.

అప్పుడు జ్యూరీలు, అంటే నేరం రుజువైందో లేదో తేల్చే సామాన్య పౌరుల బృందాలు, లెక్కలు మార్చడం మొదలుపెట్టాయి. నాలుగు వెండి వస్తువుల కోసం ఒక పనిమనిషిని ఉరికి పంపడానికి మనసొప్పక, పోయిన సొత్తు విలువ 39 షిల్లింగులేనని తేల్చేవారు. 200 షిల్లింగులు చేసే పది పౌండ్ల నోటును కూడా 39 షిల్లింగులుగా విలువకట్టిన సందర్భం ఉంది. 1827లో పార్లమెంటు ఆ హద్దును 5 పౌండ్లకు పెంచగానే జ్యూరీల లెక్క కూడా 4 పౌండ్ల 19 షిల్లింగులకు పెరిగింది. సొమ్ము పోగొట్టుకున్నవారు సైతం, ఒక మనిషి ప్రాణం తీసిన పాపం తమ మెడకు చుట్టుకుంటుందని ఫిర్యాదే చేసేవారు కారు. చివరికి 1830లో బ్యాంకర్లు పార్లమెంటుకు అర్జీ పెట్టుకున్నారు. ఫోర్జరీకి మరణశిక్ష ఉన్నందువల్లే తమను మోసగించినవారికి శిక్ష పడటం లేదనీ, ఆ శిక్షను తొలగించాలనీ కోరారు. తమ డబ్బును కాపాడుకోవడానికి తక్కువ శిక్షను అడిగిన ఆ అర్జీకి మించిన సాక్ష్యం నాకు మరెక్కడా కనిపించలేదు.

1829లో లండన్‌కు జీతం మీద పనిచేసే పోలీసు దళం వచ్చింది. 1861 నాటికి మరణశిక్ష పడే నేరాలు నాలుగే మిగిలాయి. అందువల్ల ఆ దేశం దొంగల పాలైపోలేదు.

"దండం దశగుణం భవేత్" అని పెద్దలు ఊరికే అన్నారా?

ఆ మాట వచ్చే శ్లోకం మొత్తం చదివితే, అందులో ఉన్నది చేతికర్ర అని తెలుస్తుంది. పక్షులు, కుక్కలు, శత్రువులు, పాములు, పశువులు ఎదురైనప్పుడు, బురదలో, నీళ్లలో, చూపు లేనప్పుడు, చీకటిలో, ముసలితనంలో కర్ర పది విధాలుగా అక్కరకు వస్తుందని దాని భావం. నేరానికీ శిక్షకూ అందులో చోటు లేదు.

శిక్ష గురించి సూటిగా మాట్లాడినవాడు కౌటిల్యుడు. లోకం సవ్యంగా నడవాలంటే రాజు ఎప్పుడూ దండం ఎత్తి పట్టుకునే ఉండాలని పూర్వాచార్యులు చెప్పిన మాటను అర్థశాస్త్రం మొదట్లోనే ప్రస్తావించి, ఆయన దానితో విభేదించాడు. తీక్ష్ణంగా దండించేవాణ్ణి చూసి జనం బెదిరి దూరమవుతారు, మెత్తగా దండించేవాణ్ణి లెక్కచేయరు, తగినట్టుగా దండించేవాణ్ణే గౌరవిస్తారు అన్నాడు. కోపంతోనో తెలివితక్కువగానో వేసిన శిక్ష అడవుల్లో ఉండే వానప్రస్థులకు, సన్యాసులకు కూడా ఆగ్రహం తెప్పిస్తుందనీ, ఇక సంసారుల సంగతి చెప్పనక్కరలేదనీ అన్నాడు. అదే గ్రంథంలో చేతులు నరికే శిక్షలూ ఉన్నాయి కనుక ఆయనను కరుణామూర్తిగా చూపడం నా ఉద్దేశం కాదు. అంత కటువైన రాజనీతిజ్ఞుడికి కూడా 'తగినట్టు' అన్న హద్దు అవసరమనిపించింది.

పూర్వం చైనా చక్రవర్తులు ఇలాంటి చట్టాలతోనే అంత పెద్ద దేశాన్ని దారిలో పెట్టారు కదా?

చిన్ వంశం క్రీస్తుపూర్వం 221లో చైనాను ఏకం చేసింది. కఠిన శిక్షల పాలనకు ఉదాహరణగా చెప్పే ఆ సామ్రాజ్యం 15 ఏళ్లకే కూలిపోయింది. చరిత్రకారుడు సిమా చియెన్ రాసిన దాని ప్రకారం, క్రీస్తుపూర్వం 209లో 900 మంది నిర్బంధ సైనికులు సరిహద్దు కాపలాకు వెళుతూ వానల్లో చిక్కుకుని ఆలస్యమయ్యారు. ఆలస్యానికి మరణమే శిక్ష. తిరుగుబాటు చేసినా మరణమే కనుక తిరగబడటమే మేలని వారి నాయకులు చెన్ షెంగ్, వూ గువాంగ్ తేల్చుకున్నారు. ఆ నిప్పు సామ్రాజ్యమంతా అంటుకుంది.

ఇక్కడ ఒక మాట చేర్చాలి. 1975లో షుయిహుదీ అనే చోట ఒక సమాధిలో చిన్ కాలపు శాసనాలు రాసిన వెదురు బద్దలు బయటపడ్డాయి. నిర్బంధ పనులకు ఆలస్యంగా వచ్చినవారికి వాటిలో ఉన్న శిక్షలు మందలింపు, ఒక డాలు, ఒక కవచం విలువైన జరిమానా; వాన పడితే ఆ పనికి మినహాయింపు కూడా ఉంది. ఈ నియమం ఆ సైనికులకు వర్తించేదో లేదో పండితులు చర్చించుకుంటున్నారు. ఏమైనా, చిన్ రాజ్యం నిలబడినన్నాళ్లూ దానికి పనికొచ్చింది భయం ఒక్కటే కాదనీ, అంగుళం అంగుళం కొలిచి రాసిన నియమాలు, వాటిని నడిపిన గుమస్తాలు కూడా ఉన్నారనీ ఆ బద్దలు చెబుతున్నాయి.

సింగపూర్ చూడండి, బెత్తంతో కొడతారు కాబట్టే అంత క్రమశిక్షణ. మన దగ్గరా పెడితే కుదరదా?

సింగపూర్‌లో శిక్షలు కఠినమన్నది నిజమే. 15 గ్రాములకు మించి హెరాయిన్ రవాణా చేస్తే మరణశిక్ష ఉంది, బెత్తం దెబ్బలూ ఉన్నాయి. అయితే అక్కడ అవినీతి దర్యాప్తు సంస్థ 1952 నుంచి పనిచేస్తోంది, మంత్రులను కూడా బోనెక్కించింది. జనాభాలో నూటికి సుమారు 80 మంది ప్రభుత్వం కట్టిన ఇళ్లలో ఉంటారు. ఇన్నింటిలోంచి బెత్తాన్ని మాత్రమే ఎంచుకుని క్రమశిక్షణకు కారణం అదేనంటే ఎలా?

దీన్ని విడదీసి చూడటానికి ఒక మంచి పోలిక ఉంది. హాంకాంగ్ కూడా సింగపూర్ లాంటి కిక్కిరిసిన రేవు పట్టణమే. అక్కడ 1966 తర్వాత ఎవరినీ ఉరి తీయలేదు, 1993లో మరణశిక్షను చట్టం నుంచే తొలగించారు. సింగపూర్ 1990ల మధ్యలో జనాభాతో పోలిస్తే ప్రపంచంలోనే అత్యధికంగా ఉరిశిక్షలు అమలు చేసిన దేశాల్లో ఒకటి. అమెరికన్ పరిశోధకులు ఈ రెండు నగరాల్లో మూడు దశాబ్దాలకు పైగా హత్యల రేటును పోల్చి చూస్తే, రెండింటిలోనూ అది దాదాపు ఒకే తీరుగా తగ్గుతూ వచ్చింది.

సింగపూర్‌లో ఉద్యోగం చేసే మన తెలుగువాడు అక్కడ చెత్త కాగితాన్ని జేబులో పెట్టుకుని, సెలవులకు వచ్చి ఇక్కడ రోడ్డు మీద పడేయడం నేను చూశాను. అతని స్వభావం విమానంలో మారిపోలేదు. అక్కడ పట్టుబడతానని అతనికి తెలుసు, పైగా పది అడుగుల్లో చెత్తబుట్ట ఉంటుంది.

ఎల్ సాల్వడార్‌లో అందరినీ పట్టి లోపలేశారు, హత్యలు ఆగిపోయాయి. మరి దానికేమంటారు?

హత్యలు బాగా తగ్గిన మాట నిజం, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. 2022 మార్చిలో అత్యవసర పరిస్థితి విధించి, 80 వేల మందికి పైగా అరెస్టు చేశారు. ముఠాలకు మామూళ్లు కట్టలేక నలిగిపోయిన చిన్న వ్యాపారులు ఊపిరి పీల్చుకున్నారు. కానీ 2015లో లక్ష జనాభాకు 100కు పైగా ఉన్న హత్యల రేటు 2021కే 18 దగ్గరకు దిగింది. అంటే అయిదింట నాలుగు వంతుల తగ్గుదల ఆ అరెస్టుల కంటే ముందే వచ్చింది. ఆ తర్వాతి తగ్గుదలలో కూడా కొంత, శిక్షకు భయపడి మారిన మనుషుల వల్ల కాక, బయట తిరిగే మనుషులే లేకపోవడం వల్ల వచ్చింది. పట్టుకున్నవారిలో వేలాది మంది నిరపరాధులని ఒప్పుకుని ఆ ప్రభుత్వమే విడిచిపెట్టింది. విచారణ జరగకుండా లోపలున్నవారిలో ఇంకా ఎందరు అలాంటివారో తేల్చే దారి ప్రస్తుతం అక్కడ లేదు. దాన్ని చట్టానికి లోబడిన సమాజం అనడానికి నాకు నోరు రావడం లేదు.

## నేరం జరిగే చోట

మనిషన్నాక చావు భయం ఉండదా? శిక్షను చూసి నేరస్థుడు భయపడడంటే ఎలా నమ్మాలి?

చావు భయం అందరికీ ఉంటుంది. అయితే నేరానికి దిగేవాడు లోలోపల వేసుకునే లెక్క దొరుకుతానా, దొరకనా అన్నది. దొరకనని నమ్మినవాడికి శిక్ష ఏడేళ్లయినా ఉరి అయినా ఒకటే. శిక్ష క్రూరత్వం కంటే అది తప్పదన్న నమ్మకమే నేరాన్ని ఆపుతుందని ఇటలీకి చెందిన బెక్కారియా 1764లోనే వాదించాడు. ఆ తర్వాత జరిగిన పరిశోధనల్లో ఎక్కువ భాగం ఆ మాటనే బలపరిచాయి.

ఇక ఆ లెక్క కూడా వేసుకోలేని స్థితిలో జరిగే నేరాలు ఎన్నో. పొలం గట్టు తగాదాలో పారతో సొంత అన్న తల మీద కొట్టిన ఒక రైతు కేసు నేను చూశాను. "ఆ వేళ నా చేతిలో ఏముందో కూడా నాకు తెలియదు సార్" అన్నాడు, జైలు ములాఖత్ గదిలో తన అరచేతుల వైపు చూసుకుంటూ. హత్యకు ఉరి లేదా యావజ్జీవం పడుతుందని ఆయనకు అంతకుముందు తెలియక కాదు.

హైదరాబాద్‌లో శుక్ర, శనివారాల రాత్రులు పార్టీకి వెళ్లే కుర్రాళ్లు కారు ఇంటి దగ్గర వదిలి క్యాబ్ పిలుచుకోవడం ఇప్పుడు మామూలైంది. మలుపు తిరిగితే బ్రీత్ అనలైజర్ పట్టుకుని పోలీసులు ఉంటారని వారికి తెలుసు. ఆ నమ్మకం చేసే పనిని ఉరికంబం చేయలేదు.

జరిమానాలు పదింతలు చేస్తే హెల్మెట్ పెట్టుకోరా?

2019 సెప్టెంబరు 1 నుంచి మోటారు వాహనాల చట్ట సవరణ అమల్లోకి వచ్చి, లైసెన్సు లేకుండా నడిపితే 500 రూపాయలున్న జరిమానా 5,000కు, తాగి నడిపితే 2,000 ఉన్నది 10,000కు పెరిగింది. వెంటనే గుజరాత్ వంటి రాష్ట్రాలు ఆ భారం మోయలేమని కొన్ని జరిమానాలు తగ్గించుకున్నాయి. తెలంగాణలో కొత్త మొత్తాలను అప్పట్లో అమలే చేయలేదు. పెండింగు చలాన్లు కొండలా పేరుకుపోతే, ద్విచక్ర వాహనాలకు 2022లో 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం రాయితీ ఇచ్చి వసూలు చేసుకోవాల్సి వచ్చింది. ఈసారి కూడా రాయితీ వస్తుందిలే అని చలానా కట్టకుండా ఆగేవారు మన చుట్టూ ఎంతమంది లేరు! తప్పు జరిగిన మర్నాడే తప్పకుండా కట్టాల్సి వచ్చే 200 రూపాయలు, ఎప్పుడో సగానికి సగం మాఫీ అయ్యే 1,000 రూపాయల కంటే బాగా పనిచేస్తాయని నా నమ్మకం.

ఆడపిల్లల మీద చేయి వేస్తే ఒక్కటే శిక్ష, ఉరి. దీనికి కూడా అడ్డు చెబుతారా?

ఈ ప్రశ్న అడిగేవారిలో ఎక్కువమంది తల్లులు, వారి ముందు మాట తూలకుండా జవాబు చెప్పాలని ప్రయత్నిస్తాను. 2012 డిసెంబరు నాటి ఢిల్లీ ఘటన తర్వాత జస్టిస్ వర్మ నేతృత్వంలోని కమిటీ 2013 జనవరి 23న నివేదిక ఇచ్చింది. దేశమంతా ఉరి కోరుతున్న ఆ రోజుల్లో కూడా కమిటీ అత్యాచారానికి మరణశిక్షను సిఫారసు చేయలేదు. పార్లమెంటు మాత్రం బాధితురాలు మరణించిన కేసులకూ, రెండోసారి అదే నేరం చేసినవారికీ మరణశిక్షను చేర్చింది. 2018లో 12 ఏళ్లలోపు బాలికలపై అత్యాచారానికి కూడా దాన్ని విస్తరించింది.

నా భయాలు రెండు. అత్యాచారానికీ హత్యకూ శిక్ష ఒకటే అయినప్పుడు, ప్రాణాలతో మిగిలిన అమ్మాయి ఆ దుర్మార్గుడికి సాక్షిగా మాత్రమే కనిపిస్తుంది. ఆమెను చంపినా అతనికి కొత్తగా పోయేది ఉండదు. రెండోది ఇంకా లోతైనది. జాతీయ నేర గణాంకాల ప్రకారం ఈ కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. బాబాయి, మేనమామ, పక్కింటి మనిషి, ట్యూషన్ చెప్పేవాడు. అలాంటి ఇంట్లో పిల్ల నోరు విప్పగానే, "నీ మాటతో ఆయన్ను ఉరి తీస్తారు, ఆలోచించుకో" అని పెద్దలే ఆ పసిదాని మీద బరువు పెడతారు. ఇలా వెనక్కి తీసుకున్న ఫిర్యాదులు నాకు తెలుసు. పోలీస్ స్టేషన్ మెట్ల దగ్గర నాయనమ్మ ఆ పిల్ల చేయి పట్టుకుని తిరిగి ఆటో ఎక్కించిన దృశ్యం ఇప్పటికీ నా కళ్ల ముందు నుంచి పోలేదు.

గంజాయి స్మగ్లర్లకు మరణశిక్ష పెడితే ఆ దందా ఆగిపోదా?

మాదకద్రవ్యాల విషయంలో అలాంటి శిక్ష పెట్టి చూశారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టానికి 1989లో చేసిన సవరణ, కొన్ని మాదకద్రవ్య నేరాలు రెండోసారి చేసినవారికి మరణశిక్షను తప్పనిసరి చేసింది. 2011లో బొంబాయి హైకోర్టు ఆ 'తప్పనిసరి'ని తొలగించి నిర్ణయాన్ని న్యాయమూర్తికి వదిలింది, 2014లో చట్టాన్ని కూడా అలాగే మార్చారు. 20 కిలోలు దాటిన గంజాయికి 10 నుంచి 20 ఏళ్ల జైలు ఇప్పటికీ ఉంది. ఇన్ని ఉండగానే 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసులు సుమారు 2 లక్షల కిలోల గంజాయిని ఒక్క రోజున తగలబెట్టాల్సి వచ్చింది. జైళ్లకు చేరేవారిలో ఎక్కువమంది మూటకు ఇంత అని కూలికి మోసిన ఏజెన్సీ కుర్రాళ్లు. పెట్టుబడి పెట్టినవాడి పేరు ఛార్జిషీటు దాకా రావడమే అరుదు.

## ఫిర్యాదు నుంచి తీర్పు దాకా

ఇన్ని కఠిన చట్టాలున్నా ముద్దాయిలు ఎందుకు బయటపడుతున్నారు? చట్టంలో లొసుగుల వల్లేనా?

లొసుగుల కంటే సాక్షుల వల్ల ఎక్కువ కేసులు పోతాయి, ఆ తప్పు సాక్షులది కాదు. 2022లో తీర్పు వెలువడిన అత్యాచారం కేసుల్లో శిక్షలు పడింది నూటికి సుమారు 27 కేసుల్లోనే.

ఒక హత్య కేసులో నేను బాధితుల తరఫున ప్రాసిక్యూషన్‌కు సాయంగా ఉన్నాను. కళ్లారా చూసిన సాక్షి ఒక టీకొట్టు యజమాని. ఆయన కొట్టు మూసుకుని, రెండు బస్సులు మారి, తొమ్మిదిసార్లు వాయిదాకు వచ్చాడు. ఒకసారి న్యాయమూర్తి సెలవులో ఉన్నారు, ఒకసారి ముద్దాయిని జైలు నుంచి తీసుకురావడానికి ఎస్కార్టు దొరకలేదు, మరోసారి ల్యాబ్ రిపోర్టు రాలేదు. పదోసారి బోనెక్కి, "నేను చూడలేదు" అన్నాడు. బయటికి వచ్చాక కోర్టు ఆవరణలో వేపచెట్టు కింద నిలబడి, భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ, "వాడికి ఉరి పడుద్దంటున్నారు సార్. తర్వాత వాడి అన్నదమ్ములు వచ్చేది నా కొట్టు కాడికే గదా" అన్నాడు. ఆ కేసు కొట్టివేశారు. శిక్ష పెద్దదయ్యేకొద్దీ సాక్షి మీద వచ్చే ఒత్తిడి కూడా పెద్దదవుతుంది. ఆయనను కాపాడే ఏర్పాటు మాత్రం ఆ మేరకు పెరగలేదు.

21 రోజుల్లో తీర్పు, వెంటనే ఉరి అంటే అందరికీ భయం పుట్టదా?

2019 డిసెంబరు 13న ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆమోదించిన దిశ బిల్లు ఉద్దేశం అదే: 7 పనిదినాల్లో దర్యాప్తు, 14 పనిదినాల్లో విచారణ. రాష్ట్రపతి ఆమోదం లభించక అది చట్టంగా అమల్లోకి రాలేదు. త్వరగా న్యాయం జరగాలన్న ఆ కోరికలో తప్పు లేదు, ఆలస్యమే సాక్షులను అలసటకు గురిచేస్తోంది. కానీ గడువు అనేది కాగితం మీద రాసినంత మాత్రాన వచ్చేది కాదు. డీఎన్‌ఏ పరీక్ష చేసే నిపుణులు, ఖాళీ లేకుండా నింపిన న్యాయమూర్తి పోస్టులు, కేసుల మోత లేని పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఉంటేనే వస్తుంది. దేశంలోని కోర్టుల్లో 5 కోట్లకు పైగా కేసులు పెండింగులో ఉన్నాయి. అవేవీ లేకుండా తొందరపెడితే, దర్యాప్తు అధికారి చేతికి అందినవాణ్ణి ముద్దాయిగా చూపే ప్రమాదం పెరుగుతుంది. మరణశిక్ష పడే కేసులో ఆ పొరపాటును దిద్దుకోవడం సాధ్యం కాదు.

కోర్టులెందుకు, ఎన్‌కౌంటర్ చేస్తే పీడా పోతుంది కదా?

2019 డిసెంబరు 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గరి చటాన్‌పల్లిలో, ఒక యువ పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య కేసులోని నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో మరణించినప్పుడు, జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆమెకు జరిగిన ఘోరం తెలిసిన ఎవరికైనా ఆ ఆవేశం అర్థమవుతుంది. ఆ తర్వాత సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మే నెలలో వెలుగులోకి వచ్చింది. చంపే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారనీ, మృతుల్లో ముగ్గురు మైనర్లనీ, పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలనీ కమిషన్ పేర్కొంది.

విచారణ జరగనందువల్ల, ఆ రాత్రి టోల్‌గేటు దగ్గర అసలేం జరిగిందో సాక్ష్యాధారాలతో తేల్చిన తీర్పు ఏదీ మనకు మిగల్లేదు. ఆ తల్లిదండ్రులకు దక్కాల్సిన నిజం కూడా ఆ తూటాలతోనే పోయింది. ఇవాళ మనం పూలు చల్లిన అధికారం రేపు ఎవరి కొడుకు మీదికి తిరుగుతుందో నిర్ణయించేది మనం కాదు.

తప్పు చేయనివాడికి భయమెందుకు?

విజయవాడ దగ్గర 2007లో జరిగిన ఒక విద్యార్థిని హత్య కేసులో, ఒక పేద యువకుడికి 2010లో కింది కోర్టు యావజ్జీవం విధించింది. 2017 మార్చిలో హైకోర్టు అతను నిర్దోషి అని ప్రకటించింది. అతను జైల్లో గడిపినది దాదాపు ఎనిమిదేళ్లు. అంతకాలమూ హతురాలి తల్లిదండ్రులే, ఇతను కాదు అసలు దోషి అని మొత్తుకుంటూ వచ్చారు. తక్షణమే ఉరి అన్న చట్టం ఉండి ఉంటే హైకోర్టు నిర్దోషిగా విడుదల చేయడానికి మనిషి ఉండేవాడు కాదు.

మహారాష్ట్రలో సంచార తెగకు చెందిన ఆరుగురి కథ ఇంకా భయంకరమైనది. 2009లో సుప్రీంకోర్టు వారందరికీ మరణశిక్ష ఖరారు చేసింది. 2019లో అదే సుప్రీంకోర్టు, వారు నిర్దోషులని తేల్చి, ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయలు పరిహారం ఇవ్వమంది. 2016లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం మన దేశంలో మరణశిక్ష పడిన ఖైదీల్లో సుమారు నాలుగింట మూడు వంతుల మంది ఆర్థికంగా బలహీనులు. తప్పు చేయనివాడికి భయం ఉండనక్కరలేదన్న మాట, మంచి వకీలును పెట్టుకోగలిగినవారికే కొంతవరకు నిజం.

## శిక్ష పడ్డాక

బహిరంగంగా ఉరి తీసి చూపిస్తే మిగతావాళ్లకు బుద్ధి రాదా?

ఇంగ్లండులో 1868 దాకా ఉరి బహిరంగంగానే జరిగేది. అది చూడటానికి వచ్చే గుంపుల్లో జేబుదొంగలు తమ పని తాము చేసుకునేవారు. పార్లమెంటు చివరికి దాన్ని జైలు గోడల లోపలికి మార్చింది.

ఉరిశిక్షను రద్దు చేసిన చోట హత్యలు పెరగలేదా?

మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. తిరువాన్కూరు సంస్థానం 1944లో మరణశిక్షను రద్దు చేసింది. దేశంలో విలీనమయ్యాక 1950 తర్వాత అది తిరిగి వచ్చింది. శిక్ష లేని ఏళ్లకూ, ఉన్న ఏళ్లకూ మధ్య హత్యల సంఖ్యలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. అమెరికాలో జాతీయ పరిశోధనా మండలి 2012లో, మరణశిక్ష హత్యలను తగ్గిస్తుందని గానీ పెంచుతుందని గానీ చెప్పడానికి అప్పటిదాకా జరిగిన అధ్యయనాలు పనికిరావని తేల్చింది. మన లా కమిషన్ 2015 ఆగస్టులో ఇచ్చిన 262వ నివేదికలో, ఉగ్రవాద నేరాలు, దేశంపై యుద్ధం తప్ప మిగిలిన వాటికి మరణశిక్ష రద్దు చేయాలని సిఫారసు చేసింది.

జైల్లో కూర్చోబెట్టి మన పన్నులతో తిండి పెట్టడం ఏమిటి?

ముందుగా, లోపలున్న ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు ఇంకా ఏ నేరమూ రుజువు కాని రిమాండు ఖైదీలని గుర్తుంచుకోవాలి. శిక్ష పడినవారి విషయానికి వస్తే, హైదరాబాద్‌లో చంచల్‌గూడ జైలు పక్కన ఉన్న పెట్రోల్ బంకుకు ఒకసారి వెళ్లి చూడమంటాను. జైళ్ల శాఖ నడిపే ఆ బంకులో ఖైదీలు పనిచేస్తారు. నేను పెట్రోలు పోయించుకున్న రోజున, నడివయసు మనిషి ఒకాయన మీటరు సున్నా దగ్గర ఉందని వేలితో చూపించి, పోయడం మొదలుపెట్టి, చిల్లర రెండుసార్లు లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు. రోజంతా డబ్బు ఆయన చేతుల మీదుగానే నడుస్తుంది. ఏదో ఒక రోజున బయటికి వచ్చి మన వీధిలోనే ఇల్లు అద్దెకు అడగబోయే మనిషికి అంతకంటే మంచి శిక్షణ ఏమివ్వగలమో నాకు తెలియదు.

## నన్ను సూటిగా అడిగేవి

అంటే శిక్షలే వద్దంటారా?

కాదు. శిక్ష లేని చట్టాన్ని బలవంతులు నమిలి మింగేస్తారు, అప్పుడు మొదట నలిగేది పేదవాడే. నేరానికి తగినంత శిక్ష, అదీ ఆ నేరం ఇంకా జనానికి గుర్తుండగానే, మంత్రి కొడుక్కీ కూలివాడి కొడుక్కీ ఒకే రకంగా పడాలన్నది నా వాదన. ఇది వినడానికి మెత్తగా ఉంటుంది కానీ, అమలు చేయడం ఉరి చట్టం చేయడం కంటే చాలా కష్టం. ఉరి చట్టానికి శాసనసభలో ఒక మధ్యాహ్నం చాలు. దీనికి ఏటా బడ్జెట్ కావాలి, బదిలీలకు లొంగని దర్యాప్తు అధికారులు కావాలి.

మీ ఇంట్లో జరిగితే ఇలాగే మాట్లాడతారా?

బహుశా మాట్లాడలేను. నా బిడ్డకు అలాంటిది జరిగితే నా చేతులతోనే చంపాలనిపించవచ్చు. అందుకే తీర్పు చెప్పే కుర్చీలో బాధితుడి తండ్రిని కూర్చోబెట్టలేదు. అయితే ఆ తండ్రికి మనం ఇవ్వాల్సినవి ఇవ్వడం లేదన్నది నిజం. కేసు ఎక్కడిదాకా వచ్చిందో ఆయనకు ఎవరూ చెప్పరు. బాధితుల పరిహార పథకం ఉందని చాలామందికి తెలియనే తెలియదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చు, 15100 నంబరుకు ఫోన్ చేసినా ఉచిత న్యాయ సహాయం గురించి చెబుతారు.

సాక్షిగా సమన్లు వచ్చాయి. వెళ్లకపోతే ఏమవుతుంది? అసలు వెళ్లడం అవసరమా?

వెళ్లకపోతే వారెంటు రావచ్చు. కానీ వారెంటుకు భయపడి కాకుండా వెళ్లమని కోరుతున్నాను. బెదిరింపులుంటే 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం కింద మీ జిల్లాలోని కాంపిటెంట్ అథారిటీకి, అంటే జిల్లా జడ్జి నేతృత్వంలోని కమిటీకి, దరఖాస్తు ఇవ్వండి. పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు కూడా రాతపూర్వకంగా చెప్పండి. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర విచారణ చట్టం, ఇలాంటి పథకాన్ని ప్రతి రాష్ట్రమూ ప్రకటించాలని చెబుతోంది. రానుపోను ఖర్చులకు భత్యం అడగండి, అది మీ హక్కు. సమన్ల కాగితం, ఆధార్ కార్డు వెంట ఉంచుకుని, ఉదయం పదిన్నర కల్లా కోర్టు హాలు బయట ఉన్న బెంచీ దగ్గరికి చేరుకోండి. మీరు పోలీసులకు చెప్పింది ఏమిటో బోనెక్కేముందు ఒకసారి మనసులో నెమరు వేసుకోండి. చూసింది చూసినట్టు చెప్పి, తెలియనిది తెలియదనండి.